రెండో మీటరు

మైపాడు రోడ్డు,
ఇందుకూరుపేట మండలం.
నవంబరు.

కామాక్షయ్యకు,

కవరు మీద నా చేతిరాత చూసి నువ్వు దీన్ని చించకుండానే పొయ్యిలో పెట్టేవాడివే. మీ ఇంట్లో ఇప్పుడు గ్యాసు పొయ్యి కాబట్టి కాగితాలు తగలబెట్టడం అంత సులభం కాదు. ఆ ధైర్యంతో రాస్తున్నాను.

ఫోన్ చేయవచ్చు కదా అంటావు. నా కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి ఉన్నా దానికి నీ గొంతు సరిపడదు. పైగా ఫోన్‌లో ఇవాళ అన్న మాటను నువ్వు రేపు అనలేదంటావు. మీ అక్క పెద్దకర్మకు వస్తానని చెప్పి, రాకుండా, అసలు వస్తానని చెప్పనే లేదన్నావు. కాగితం మీద ఆ వీలుండదు.

విషయానికి వస్తాను. ఈ ఇంటి కరెంటు సర్వీసు ఇప్పటికీ మీ నాయన ఆదెయ్యగారి పేరునే ఉంది. ఆయన పోయి ఇన్నేళ్లయినా ప్రతి నెలా బిల్లు ఆయనకే వస్తుంది. రోమన్ చక్రవర్తుల్లో చచ్చి దేవుళ్లయినవాళ్ల గురించి చదివాను గానీ, చచ్చాక కూడా కరెంటు వాడుతున్నవాణ్ణి మా మామగారినొక్కణ్ణే చూస్తున్నాను. ఆయన రోజుల్లో నాలుగు బల్బులకూ రెండు ఫ్యాన్లకూ ఒక రేడియోకూ వేయించిన సన్నటి వైరు అది. ఇప్పుడు ఫ్రిజ్జు మొదలైతే ఫ్యాను నీరసపడుతుంది. మిక్సీ వేస్తే నేను చదువుతున్న పేజీ మీద వెలుతురు వణుకుతుంది.

దాన్ని తీయించి త్రీ ఫేజ్ చేయించి, అక్కడి నుంచే కారు షెడ్డుకు కూడా లైను లాగించాలనుకుంటున్నాను. కారు అమ్మేశానని నీకు తెలుసు. తెలిసి సంతోషించావని కూడా విన్నాను. ఆ షెడ్డులో ఇప్పుడు నా పుస్తకాలున్నాయి. సముద్రపు గాలికి అట్టలు ఉబ్బిపోతున్నాయి. అందులో ఏసీ పెట్టించాలి.

లోడు పెంచాలంటే ముందు పేరు మారాలట. పేరు మారాలంటే ఆదెయ్యగారి వారసుల సంతకాలు కావాలట. ఆయన కొడుకుల్లో నువ్వొక్కడివే మిగిలావు. ఏం చేస్తాను?

ఫారం, స్టాంపు అంటించిన కవరు జతపరిచాను. సంతకం చేయవలసిన చోట పెన్సిలుతో గీత గీశాను. గీత దాటి రాయకు. నీకు ఆ అలవాటుంది.

హజరత్తయ్య

*

ముత్తుకూరు,
డిసెంబరు.

గౌరవనీయులైన బావగారికి నమస్కారములు.

మీ ఉత్తరం అందింది. మా భాస్కర్‌కూ కోడలికీ చదివి వినిపించాను. అందరం చాలాసేపు నవ్వుకున్నాం. చరిత్ర లెక్చరర్‌గారు ఉత్తరం రాస్తే అలా ఉండాలి.

మీ పుస్తకాలకు ఉక్కపోస్తోందని తెలిసి బాధ కలిగింది. మా అక్క బతికున్నన్నాళ్లూ వంటింట్లో ఒక ఫ్యాను పెట్టించమని అడిగేది. పొయ్యి మంట ఆరిపోతుందని మీరు పెట్టించలేదు. పుస్తకాల కింద మంట లేదు కాబట్టి వాటికి ఆ ఇబ్బంది రాలేదనుకుంటాను.

ఇంకో మాట. నేను ప్లాంటులో బొగ్గు బెల్టు దగ్గర పనిచేసినవాణ్ణి. పెద్ద చదువులు లేవు. అయినా నా స్థలం ఏదో నాకు తెలుసు. నాయన పంపకంలో ఇల్లు అక్కకు వచ్చింది, మీ షెడ్డు నిలబడి ఉన్న పడమటి స్థలం నా భాగానికి వచ్చింది. కారు కొన్న ఉత్సాహంలో మీరు అక్కడ షెడ్డు వేశారు. నన్ను అడగలేదు. అక్క ఆ కారులో మా ఇంటికి వచ్చి పోతుంటుంది కదా అని నేనూ అడ్డం చెప్పలేదు. ఆ కారు మా వీధి మలుపు ఎప్పుడూ తిరగలేదు.

మా భాస్కర్‌కు మీ వినీలను ఇమ్మని పసుపు, కుంకుమ, పూలు పట్టుకుని మీ ఇంటికి వచ్చిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. మేనరికం ఇవ్వను అంటే లేచి వచ్చేవాళ్లం. మీరు వంటింట్లోంచి బొగ్గు ముక్క తెచ్చి, గోడ మీద మా వంశమంతా గీసి, దగ్గర రక్తం కలిస్తే ఏమవుతుందో పాఠం చెప్పారు. కింద మా చిన్నమ్మ పేరు రాసి సున్నా చుట్టారు. ఆమె అక్కడే కూర్చుని ఉంది.

ఫారం తిరిగి పంపుతున్నాను. మీ పెన్సిలు గీతకు ఏ హానీ జరగలేదు. గీత మీద మాత్రం ఏమీ లేదు.

మీ ఉత్తరంలో వినీల క్షేమం గురించి ఒక్క ముక్కా లేదు. పిల్ల బాగుందని తలుస్తాను.

ఇట్లు,
కామాక్షయ్య

*

మైపాడు రోడ్డు,
డిసెంబరు.

కామాక్షయ్యకు,

గోడకు మర్నాడే సున్నం వేయించాను. నేను చెప్పిన పాఠం మాత్రం ఇవాళ్టికీ నిజమే. మీ చిన్నమ్మ పేరు చుట్టూ చుట్టింది సున్నా కాదు, ఆడవాళ్లను చూపించడానికి అలాగే గీస్తారు. ఇన్నేళ్లుగా ఆ సంగతి ఎవరినీ అడగకుండా కోపం పెట్టుకున్నారంటే మీ వంశం గురించి నేను గీసింది తక్కువే.

కరెంటు ఆఫీసు నుంచి ఏఈ వచ్చి చూసి పోయాడు. కుర్రవాడు. నా దగ్గర చదువుకోలేదు, అందుకే మర్యాదగా మాట్లాడాడు. మీటరు చూశాడు, వైరు చూశాడు, వరండాలోకి వచ్చి ఆగాడు.

"పుస్తకాలకు ఏసీ అన్నారు గదా సార్. ఈ మోటార్లేంది?"

"ఇవి రొయ్యల గుంటల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లవి," అన్నాను.

"అది తెలస్తా ఉండాది సార్. మీ వరండాలో ఎందుకుండాయి?"

"పోతూ పోతూ దించారు."

"రొయ్యలోళ్లు మీ దగ్గర హిస్టరీ చదివేదానికి మోటార్లు పంపిస్తా ఉండారా సార్?" అని, పక్కనున్న లైన్‌మన్ వైపు చూసి నవ్వాడు. మర్యాద గురించి పైన రాసిన మాట కొట్టేసి చదువుకో.

తర్వాత కూర్చుని చెప్పాడు. ఇంటి మీటరు మీద ఏ వ్యాపారమూ నడపకూడదట. "షెడ్డుకు వేరే సర్వీసు తీసుకోండి సార్. అప్పుడు పేరు మార్చే గొడవే లేదు. స్థలం ఎవరిదో వాళ్లు ఒప్పుకోలు రాసిస్తే సాలు. పెద్ద పనేం కాదు."

పెద్ద పనేం కాదట! ఈ చుట్టుపక్కల ఎవరు వేరుపడినా ముందు గోడ మీద రెండో మీటరు వస్తుంది. ఆ తర్వాత రెండో పొయ్యి. ఆ తర్వాత పెద్దమనుషులు. మా ఎదురింటి అన్నదమ్ములు విడిపోయారని నాకు ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే లైన్‌మన్ వాళ్ల గోడకు రెండో పెట్టె బిగిస్తుంటే చూసి తెలుసుకున్నాను. మీటర్లు చూసి కాపురాలు లెక్కపెట్టే ఊరు ఇది. నా గడపకు రెండు మీటర్లు బిగించే మాటే లేదు. ఇల్లు ఒకటి, మీటరు ఒకటి.

కాబట్టి మళ్లీ అదే ఫారం పంపుతున్నాను. మోటార్లు ఎవరివని నువ్వు అడగనవసరం లేదు. సంతకం చెయ్యి.

హజరత్తయ్య

*

ముత్తుకూరు,
జనవరి.

బావా,

ఇంక గారూ లేదు, మీరూ లేదు. నువ్వు ఆ మర్యాదకు తగవు.

పోతా పోతా మోటార్లు మీ వరండాలోనే ఎందుకు దించినారో నాకు అర్థం కాలేదు. నీకు చెవులు పోయినాయి గానీ మీ ఇంట్లో వేరేవాళ్లకు ఉండాయి గదా. వినీలకు ఫోన్ చేసినాను. నా గొంతు వినపడేసరికి ఆ పిల్ల ఏడ్చింది. చాలాసేపు మాట్లాడింది. నువ్వు రెండు ఉత్తరాల్లో దాచిపెట్టిందంతా చెప్పేసింది.

రోడ్డు వెడల్పు చేసేదాంట్లో ఆమె మోటారు వైండింగ్ షాపు పోయిందంట. ఇప్పుడు మీ వరండాలో పలక మీద కూర్చొని రాగి తీగ చుడతా ఉండాదంట. చుట్టిన మోటారు తిప్పి చూసేదానికి త్రీ ఫేజ్ లేక, ఆటోలో వేసి నెల్లూరుకు పంపించి, అక్కడ ఎవరి కాళ్లో పట్టుకొని తిప్పించుకొని తెచ్చుకుంటా ఉండాదంట. గుంటల్లో రొయ్య పిల్ల వదిలే కాలం దగ్గర పడింది. అప్పటికి మోటార్లు తిరగకపోతే రైతులు వేరే షాపు చూసుకుంటారు, మళ్లీ ఈ గడప తొక్కరు. మీ అల్లుడు ప్రసాద్ రోజూ ఓడరేవుకు లారీ తోలేవాడు గదా, ఆ దారిలోనే మా ముత్తుకూరులో త్రీ ఫేజ్ ఉండే గది చూసినాడంట. షాపు ముందు, కాపురం వెనక. ఇక్కడ కరెంటు రాకపోతే ఇద్దరూ అక్కడికి వచ్చేస్తారంట.

ఇంత ఉంటే నాకు పుస్తకాలకు ఏసీ అని రాస్తావా?

వినీల కోసం అని ఒక్క ముక్క రాసుంటే ఆ పొద్దే బస్సెక్కి వచ్చి, నువ్వు గీసిన గీత మీదే సంతకం పెట్టుండనా? మేనమామను బావా నేను. ఆ పిల్లకు చెవులు కుట్టించేటప్పుడు నా ఒళ్లో కూర్చోబెట్టింది నువ్వే. నువ్వెందుకు రాయలేదో కూడా నాకు తెలుసు. పుస్తకాల కోసం అడిగితే నేను కాదంటాను, తిట్టుకోవచ్చు. పిల్ల కోసం అడిగితే ఇచ్చేస్తాను. ఇచ్చేస్తే నన్ను తిట్టేదానికి నీకు నోరుండదు.

నీ ఫారం మీద సంతకం చేయను. దాంతో పనే లేదని ఏఈ చెప్పినాడు గదా, నువ్వే రాసినావు. షెడ్డు నా స్థలంలో ఉండాది. దానికి వేరే సర్వీసు, వినీల పేరున. ఒప్పుకోలు కాగితం రాసి ఆ పిల్ల చేతికే ఇస్తాను.

కామాక్షయ్య

*

మైపాడు రోడ్డు,
జనవరి.

కామాక్షయ్యకు,

ఇవ్వకు.

మొట్టమొదటిసారి నిన్ను ఒక పని చేయవద్దని అడుగుతున్నాను. ఇన్నాళ్లూ ఏ పని చెప్పినా చేయకుండా ఉండటంలో నీకు మంచి అనుభవం ఉంది. దాన్ని ఇప్పుడు వాడు.

నువ్వు ఏమి చేస్తున్నావో నీకు తెలియడం లేదు. ఇవాళ వేరే మీటరు అంటారు. రేపు బిల్లు వేరు కదా, సరుకులు కూడా వేరుగా తెచ్చుకుందాం అంటారు. ఎల్లుండి ఆ మీటరు ఇక్కడే ఉండనవసరం లేదని ఎవరికో తోస్తుంది. సామ్రాజ్యాలన్నీ అలాగే పోయాయి. ముందు సుబేదారు తన పేరున నాణెం వేయించుకుంటాడు, ఢిల్లీకి విధేయుడిననే అంటాడు. తర్వాత కప్పం పంపడం మానేస్తాడు. నేను ముప్పై ఏళ్లు పిల్లలకు ఇదే చెప్పాను. ఒక్కడూ వినలేదు. నా ఇంట్లోవాళ్లూ వినడం లేదు.

ప్రసాద్ సంగతి నీకు తెలియదు. నువ్వు వాక్యం మొదలుపెట్టకముందే తల ఊపుతాడు. అలాంటివాడితో వాదించడం సాధ్యం కాదు. "గది చూశావటగా?" అన్నాను. తల ఊపాడు. "అవసరం లేదు," అన్నాను. దానికీ ఊపాడు. మర్నాడు పోయి మళ్లీ చూసి వచ్చాడు.

ఈ మోటార్లతో నాకు మనశ్శాంతి ఉందనుకోకు. పొద్దున్నే మొదలు, ఆటోల్లోంచి ఇనుము దించే మోత. వార్నిష్ కంపు నా కాఫీలోకి దిగుతోంది. రాగి ముక్కలు కాళ్లకు గుచ్చుకుంటున్నాయి. గుంటల యజమానులు నన్ను కొట్టు గుమాస్తా అనుకుని "ఏం పెద్దాయనా, మాది అయిందా?" అని అడుగుతున్నారు. భోజనానికి పిలిస్తే ఆమె నోట్లో తీగ పెట్టుకుని "ఊ" అంటుంది, రాదు. ఇన్ని చిరాకులూ నావి. ఇవి ముత్తుకూరు పోవడానికి వీల్లేదు.

ఇంటి లోడు పెంచితే వరండా, షెడ్డు, వంటిల్లు అన్నీ ఒకే మీటరు కింద ఉంటాయి. ఆమె ఇక్కడే ఉంటుంది. నీ ఒప్పుకోలు ఆమెను గడప దాటించడానికి ఒక సాకు అవుతుంది.

ఏఈతో నేను మాట్లాడుకుంటాను. నువ్వు ఫారం మీద సంతకం చెయ్యి.

హజరత్తయ్య

*

ముత్తుకూరు,
ఫిబ్రవరి.

బావా,

నీ ఉత్తరం వచ్చేటప్పటికే వినీల వచ్చి కాగితం తీసుకొని పోయింది. రాలేదని నువ్వనుకోవద్దు. నీకు చెప్పకుండా వచ్చింది, నెల్లూరుకు మోటారు తీసుకొని పోతున్నానని చెప్పి. మోటారు మాత్రం నిజంగానే తెచ్చింది, ఆటోలో ఉండింది.

సంతకం పెట్టి ఇస్తా, "మీ నాయన ఒప్పుకోడంట గదమ్మా," అన్నాను. ఆ పిల్ల అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తా ఉండాను: "మామా, నాయనకు నాకు కరెంటు ఇప్పించేదానికన్నా నీ మీద గెలిచేదాని మీదనే ఆరాటం ఎక్కువ. మీరిద్దరూ ఉత్తరాలు రాసుకోండి. నేను అప్లికేషన్ పెట్టుకుంటా."

నాకూ కలిపే తగిలింది ఆ దెబ్బ. నీకు తెలియాలని రాసినాను.

మీ అక్క నాకు చేసే పులుసు మాదిరే ఉండాది ఆమె మాట. కారం తెలియదు, తర్వాత మండుతుంది. రాసేటప్పటికి తప్పు పడింది, మా అక్క.

కామాక్షయ్య

*

మైపాడు రోడ్డు,
మార్చి.

కామాక్షయ్యకు,

సంతోషించు. నీ ఒప్పుకోలు పనిచేసింది. స్తంభం నుంచి షెడ్డుకు లావుపాటి వైరు లాగారు. గోడకు పెట్టె బిగించారు. వెనకవైపు గొయ్యి తవ్వి, ఎర్తింగ్ అంటూ అందులో బొగ్గూ ఉప్పూ పోశారు. సముద్రం పక్కన ఉప్పునేలలో ఇల్లు కట్టుకుని, ఆ నేలలో పోయడానికి దుకాణం నుంచి ఉప్పు కొనుక్కొచ్చిన వాణ్ణి నేనే అయి ఉంటాను. నా పుస్తకాలను ఇంట్లోకి చేరవేశారు. అన్నీ అయ్యాయి. కరెంటు మాత్రం ఇవ్వలేదు.

ఎందుకో విను. చివరిసారి చూడటానికి ఏఈ వచ్చాడు. షెడ్డంతా తిరిగి, అందులోంచి మా వంటింట్లోకి ఉన్న తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఈ తలుపు ఉండకూడదు సార్."

"ఎందుకు?"

"ఒకే ఆవరణలో రెండు సర్వీసులంటే రెండూ వేరేగా ఉండాల సార్. లోపల్నించి దారి ఉంటే పైనోళ్లు ఒప్పుకోరు. దీన్ని తీసేసి గోడ కట్టించండి. మావాడు వచ్చి ఫోటో తీసుకుంటాడు, ఆ రోజే కరెంటు ఇచ్చేస్తాం."

"తాళం వేయిస్తాను."

"తాళం ఉండేది తీసేదానికే గదా సార్."

చూశావా? రెండో మీటరంటే వేరుపడటమని నేను అంటే మీరంతా చాదస్తం అన్నారు. ఇప్పుడు ఇటుకలతో కట్టి చూపించమంటున్నారు, పైగా ఫోటో కావాలట. నా జీవితంలో నేను చెప్పింది ఇంత త్వరగా, ఇంత అక్షరాలా నిజం కావడం ఇదే మొదలు. ఆ ఆనందం కూడా మిగల్లేదు.

పొమ్మన్నాను. పోయాడు.

వినీల గొడవ పడలేదు. గొడవ పడితే బాగుండేది, నేను వాదించగలను. చేతులు కిరోసిన్‌తో తుడుచుకుంటూ, "నాయనా, తలుపు కావాలో షెడ్డు కావాలో నువ్వే చెప్పు. నేను మళ్లీ అడగను," అని లోపలికి పోయింది. సాయంత్రం గుంటల అబ్దుల్ రజాక్ వచ్చాడు. మంచి ఖాతాదారు, ఆమెకు మొదట్నించీ పని ఇస్తున్నవాడు. "ఈ వారం చూస్తానమ్మా. రొయ్య పిల్ల వదిలేదానికి గుంటలకు నీళ్లు పెట్టేసినాను. కాలేదంటే మోటార్లు ఎత్తుకొని పోతా, ఏమనుకోబాక," అన్నాడు. ఆమె ఏమీ అనుకోనంది. ప్రసాద్ ముత్తుకూరు గది తాళంచెవి తెచ్చి బల్ల మీద పెట్టాడు. నేను చదువుతున్న పుస్తకం మీద పెట్టాడు. నేను తీయలేదు. ఎవరూ తీయలేదు. రెండు రోజులుగా పుస్తకం ఆ పేజీ దగ్గరే ఆగిపోయి ఉంది.

నేను నిన్ను ఏమీ అడగడం లేదు. నువ్వు చేసిన పని ఏమిటో నీకు తెలియాలని రాస్తున్నాను, అంతే.

హజరత్తయ్య

*

ముత్తుకూరు,
మార్చి.

బావా,

ఇది పోస్టులో వేయలేదు. నీ చేతికి త్వరగా అందాలని ప్రసాద్‌కు ఇచ్చి పంపిస్తా ఉండాను.

నీ మొదటి ఉత్తరం మా ఇంట్లో అందరికీ చదివి వినిపించినాననీ, అందరం నవ్వుకున్నామనీ రాసినాను. అబద్ధం. ఎవరికీ వినిపించలేదు. నేనొక్కణ్ణే చదువుకున్నాను. నవ్వింది మాత్రం నిజం.

మా ఇంటికి ఒకటే మీటరు బావా. నా పేరునే ఉండాది. ముందు గదిలో నేను, వెనక భాస్కర్, కోడలు. మధ్యలో తలుపు ఉండాది. దానికి గడియ కూడా సరిగా పడదు, ఎప్పుడూ తెరిచే ఉంటాది. పొయ్యిలు రెండు. నా అన్నం నేను వండుకుంటా. కోపాలేం లేవు. మొదట్లో ఉన్నాయి, ఇప్పుడవీ లేవు. కరెంటు బిల్లు వచ్చినప్పుడు ఏసీ ఎవరు ఎక్కువ వేసినారని మాట్లాడుకుంటాం. నెలకు అదొక్క మాట.

ఒకటే మీటరుంటే పిల్ల ఇంట్లో ఉన్నట్టే అని నువ్వు చదివిన పుస్తకాల్లో యాడన్నా ఉంటే చెప్పు, నేను కూడా చదువుతా.

గోడ కట్టించు. గోడ పక్కనుంచి తిరిగి రావచ్చు, పదడుగులు ఎక్కువవుతాది. ముత్తుకూరు నుంచి పూటపూటకూ అన్నానికి వచ్చేదానికి కాదు. పిల్ల ఇక్కడికి వచ్చేస్తే నాకు దగ్గరవుతుంది, రోజూ చూసుకుంటా. ఆ ఆశ నాకూ ఉండాది. అయినా చెప్తా ఉండాను, కట్టించు.

కామాక్షయ్య

*

మైపాడు రోడ్డు,
ఏప్రిల్.

కామాక్షయ్యకు,

నీ సలహా మీద కట్టించానని ఊళ్లో చెప్పుకోకు. నీ ఉత్తరం వచ్చేసరికే మేస్త్రీ ఆదివారం వస్తానన్నాడు. నేను పిలిచిందీ నీ ఉత్తరం చదివాకే అని ప్రసాద్ అంటే నమ్మకు. వాడు దేనికైనా తల ఊపుతాడు.

తలుపు నేనే దగ్గరుండి తీయించాను. ఇటుక పనివాళ్లలా చరిత్ర చదవని జాతి ఇంకొకటి లేదు. వంకరగా పేర్చి, పూత పూస్తే తెలియదంటారు. రెండు వరసలు పడగొట్టించి మళ్లీ కట్టించాను. కట్టేది గోడే అయినప్పుడు తిన్నగా కట్టాలి కదా. కరెంటువాళ్లు ఫోటో తీసుకున్నారు. నన్ను కూడా అందులో నిలబడమన్నారు, పెళ్లి ఫోటోకు పిలిచినట్టు. నిలబడలేదు.

అబ్దుల్ రజాక్ మోటారే మొదట తిప్పారు. వెనక్కి తిరిగింది. రెండు వైర్లు మార్చి మళ్లీ స్విచ్ వేస్తే సరిగ్గా తిరిగింది. వినీల మోటారు మీద అరచేయి పెట్టి చాలాసేపు నిలబడింది, జ్వరం చూస్తున్నట్టు. ఆ రోజే ఆయన తీసుకుపోయాడు. ప్రసాద్ తాళంచెవి తీసుకుపోయి ఇచ్చేశాడు. ఇక ఈ ఇంటి సంగతి: షెడ్డులో ఫ్యాను గాలివానలా వీస్తోంది. ఇంట్లో నా ఫ్యాను మీ నాయన పేరు మీద అలాగే నీరసంగా తిరుగుతోంది.

నేను అనుకున్నట్టే ఊరు వచ్చింది. ఎదురు దుకాణం బీజాన్ రోడ్డు అవతలి నుంచే అరిచింది: "ఏంది సార్, బిడ్డ వేరుపడిందంట గదా?"

గేటు వేసి లోపలికి వచ్చేశాను. వారం పోయాక మళ్లీ ఆవిడే అడిగింది: "ఇదేం వేరుపడేది సార్? టిఫినుకు మీ గేటు, అన్నానికి మీ గేటు, కాఫీకి మీ గేటు. పొద్దుగూకులూ ఆ షట్టరు కాడ్నించి ఈ గేటుకు తిరగతానే ఉండాది. అంతకు ముందు ఆ బిడ్డ ఉన్నట్టే మాకు తెలీదు!"

నిజమే. లోపల తలుపున్నప్పుడు ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు పోయిందో ఎవరికీ పట్టేది కాదు, నాకు కూడా. ఇప్పుడు వీధిలోంచి వస్తోంది. గేటు చప్పుడవుతుంది. ఎడమ చెవికి ఆ చప్పుడు బాగానే వినిపిస్తుంది.

ఈ మధ్య గుంటలన్నీ ఒకేసారి నింపుతున్నారు, మోటార్ల పనంతా ఆమె మీద ఒక్కసారిగా పడింది. మధ్యాహ్నం దాటినా గేటు చప్పుడు కాలేదు. నిన్న ఇక ఆగలేక క్యారేజీ సర్దుకుని బయల్దేరాను. కాలేజీలో బంట్రోతు నా సంచి మోసేవాడు. వీధిలో నేను అన్నం మోసుకుంటూ నడిచింది ఇదే మొదలు. బీజాన్ చూసింది. ఎదురింటి అన్నదమ్ములు ఇద్దరూ, వాళ్ల రెండు గేట్ల దగ్గర నిలబడి చూశారు. షట్టరు దగ్గర నిలబడి పిలిస్తే మోటార్ల మోతలో ఆమెకు వినపడలేదు. చెవిటివాణ్ణి నేను, గొంతు చించుకుని అరవవలసి వచ్చింది.

మోచేతుల దాకా గ్రీజు. "కడుక్కోవాలంటే ఈ వైండింగ్ చెదిరిపోతుంది నాయనా, నువ్వే కలిపి పెట్టు," అని నోరు తెరిచింది. నలభై దాటిన మనిషి. షట్టరు వీధి వైపు బార్లా తెరిచి ఉంది. మోటార్లు దించుకోవడానికి వచ్చినవాళ్లు పక్కనే ఉన్నారు. కలిపి పెట్టాను. పులుసు చల్లారిపోయిందంది. ఉప్పు తక్కువైందంది. చివరికి, మజ్జిగ తేలేదేమంది.

మజ్జిగ కోసం ఆ వీధంతా మళ్లీ నడిచాను.

హజరత్తయ్య